మెట్టు

పెద్ద గ్లాసుని మోసే ఇద్దరిలో ఒకడికే కళ్ళుంటాయి. నిలువెత్తు గాజు పలకని నిలబెట్టి చెరో అంచూ పట్టుకున్నాక, ముందున్నవాడు వెనక్కి నడవాలి. వాడికి కనబడేది గ్లాసూ, గ్లాసు అవతల తోటివాడి మొహమూ, అంతే. దారి కనబడేది ఎదురుగా నడిచొచ్చే రెండోవాడికి. అందుకని ఆ రెండోవాడు నోరు మూయకూడదు. "కుడికి", "ఆగు", "గుంట", "మెట్టు" అని చెబుతూనే ఉండాలి. వాటిలో ఒక్కటి మింగేశాడా, వెనక్కి నడిచేవాడి పని అయిపోయినట్టే.

ఆ పనిలో ఇంకో నియమం ఉంది. జారిన గ్లాసుని పట్టుకోకూడదు. చేతులు తీసేసి వెనక్కి దూకాలి. "గ్లాసు పోతే ఇంకోటి కోసుకోవచ్చురా, చెయ్యి పోతే ఎక్కడ కోసుకొస్తావ్?" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం చెప్పేవాడు సీసా.

సీసా అన్నది తాగే రోజుల్లో పడ్డ పేరు. తాగుడు మానేశాడు గానీ పేరు అతన్ని మానలేదు. చర్చిలో ఎదురుగా "బ్రదర్" అనేవాళ్ళు కూడా అతను గుమ్మం దాటగానే "మన సీసా" అనేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు లెండి. ప్రేమగా అన్నా సీసా సీసానే.

అతనికి జతగా గ్లాసు మోసేవాడు స్తోత్రం. తుమ్మినా "స్తోత్రం", చేతికి టీ వచ్చినా "స్తోత్రం", బస్సు దొరికినా దొరక్కపోయినా "స్తోత్రం". చర్చి సంఘంలోవాళ్ళు ఎవరైనా రోడ్డు మీద కనబడితే వందనం చెప్పకుండా వదిలే మనిషి కాదు. అవతలివాళ్ళు చూసుకోకుండా పోతుంటే వెంటపడి మరీ చెప్పేవాడు. తాగి కాలవగట్టు మీద పడి ఉన్న సీసాని లేపి చర్చికి తీసుకొచ్చింది ఇతనే. ఆ సంగతి తను మర్చిపోలేదు, ఇంకొకళ్ళని మర్చిపోనిచ్చేవాడూ కాదు.

ఆ రోజు ఇద్దరూ ఒక బట్టల కొట్టు ముఖద్వారానికి గ్లాసు బిగించడానికి వెళ్ళారు. అరచేతుల్లో పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, బండి మీంచి దింపారు. సీసా వెనక్కి నడుస్తున్నాడు.

"బడి తెరిచేలోగా మా అమ్మాయిని తీసుకొస్తానందిరా అక్క," అన్నాడు గ్లాసు అవతల నుంచి. మొహం వెలిగిపోతోంది. "శనివారం వస్తోంది."

"దేవునికి స్తోత్రం! కుడికి అన్నా, కొంచెం కుడికి."

"దానికి అద్దం కూడా పెట్టేశా గదిలో. అంచులు బాగా నూరి."

"చెప్పావులే, నిన్న రెండుసార్లు చెప్పావు. మెల్లగా... మెల్లగా..."

కొట్టు ముందు నల్లరాతి మెట్టు ఉంది. స్తోత్రం దాన్ని చూశాడు. మాట నాలిక మీదికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే పాస్టర్ గారి స్కూటరు పక్కనుంచి వెళ్ళింది. తల అటు తిరిగిపోయింది.

"వందనాలండీ పాస్టర్ గారూ!"

స్కూటరు ఆగలేదు. సీసా మడమ మెట్టుకి తగిలి వెనక్కి కూలబడ్డాడు. గ్లాసు కింది అంచు రాయికి కొట్టుకుంది. పగులు చరచరా పైకి పాకింది. పైభాగం స్తోత్రం మెడ మీదికి వాలుతోంది. అతని కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. తీసెయ్యాల్సిన చేతులు సీసా తియ్యలేదు. మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులూ చాచి, వాలుతున్న ముక్కని తనవైపుకి లాగి పట్టుకున్నాడు.

"దూకరా! పక్కకి దూకు!"

స్తోత్రం దూకాడు. అతను దూకాక సీసా వదిలాడు. అప్పటికి వదలడానికి ఆ చేతుల్లో పట్టు లేదు. ట్యూబు ముక్కలు కిందపడి ఉన్నాయి. మణికట్ల దగ్గర తెల్లగా ఏదో కనబడి, అంతలోనే ఎర్రగా నిండిపోయింది.

జనం గుండ్రంగా చేరి "అయ్యో అయ్యో" అన్నారు. తొక్కుడుబండి దిగి వాళ్ళని తోసుకుంటూ వచ్చినవాడు పెంకులవాడు. షాపుల్లో విరిగిన గాజు ఏరుకుని గోనెసంచుల్లో పోసుకుపోయేవాడు, సీసాకి పాత తాగుడు జత. పొద్దున్నే పట్టించి ఉన్నాడు, మనిషంతా ఘాటు వాసన. సంచులు రోడ్డు మీదికి విసిరేసి, సీసాని రొమ్ముకి అదుముకుని బండెక్కించాడు. వాడి జేబులో సగం మిగిలిన మందు కాస్తా సీసా చొక్కా మీద ఒలికిపోయింది. అది చూసుకునే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

స్తోత్రం బండి వెనక పరిగెత్తాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

ఆసుపత్రి వరండాలో యజమాని కనబడ్డాడు. గ్లాసు షాపు ఆయనదే. సంఘంలో పెద్ద కూడా ఆయనే. సీసా ఒంటి మీంచి తీసిన చొక్కాని నర్సు మూటగట్టి బల్ల మీద పెట్టింది. యజమాని వంగి ఏదో అనుమానంగా దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మొహం చిట్లించి, స్తోత్రాన్ని స్తంభం చాటుకి తీసుకెళ్ళాడు.

"తాగాడా?"

స్తోత్రం స్తంభం మీద వేలితో గీస్తున్నాడు.

"నాకు తెలుసయ్యా, నీకు చెప్పడం కష్టమే. నువ్వు తెచ్చిన మనిషి. కానీ నువ్వుండగా గ్లాసు ఎలా జారుతుంది? ఇన్నేళ్ళలో నీ చేతిలో పగిలిందా ఒక్కటన్నా? ఎవడి తప్పయితే వాడు ఇక షాపు గుమ్మం తొక్కడు, అది మాత్రం ఖాయం. చెప్పు. తాగి ఉన్నాడు కదూ?"

స్తోత్రం మెడ కదిలింది. అది అవునని కదిలిందా, కాదని కదిలిందా, ఊరికే వణికిందా, అతనికే తెలియదు అనుకుందాం. తర్వాత అతను అనుకున్నది అదే. కానీ యజమాని నిట్టూర్చి భుజం తట్టినప్పుడు, "అలా కాదండీ" అని ఒక్క మాట అనడానికి బోలెడంత తీరిక దొరికింది. అనలేదు. కళ్ళు నేలకి దించుకున్నాడు.

"నీ మంచితనం చూస్తే ముచ్చటేస్తుంది బ్రదర్," అన్నాడు యజమాని. "వచ్చే ఆదివారం నిన్ను పెద్దల్లోకి తీసుకుంటున్నాం. ఆరాధనలో అందరికీ పంచే రొట్టె పళ్ళెం నువ్వే పట్టుకోవాలి. మనసు పాడుచేసుకోకు. ప్రార్థన చేద్దాం, కళ్ళు మూసుకో."

మూసుకోవడం ఒక్కటే అప్పుడు అతనికి చేతనైన పని.

సాయంత్రం ఇంట్లో భార్య ఆదివారానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర నీళ్ళు చిలకరిస్తూ అడిగింది:

"సీసా అన్నయ్య తాగున్నాడట కదా. పాటలు పాడే సిస్టర్ చెప్పింది. మీరే చెప్పారట."

"నేనేం చెప్పలేదు."

"మరి అడిగితే ఏమన్నారు?"

"ఏమీ అనలేదన్నానుగా!"

"ఏమీ అనకుండా ఎలా ఉన్నారండీ? కూరలో ఉప్పెక్కువైతే వీధి చివరిదాకా వినబడేట్టు చెప్తారే!"

స్తోత్రం కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె చొక్కా తిరగేసి వీపు మీద ఇస్త్రీపెట్టె నడిపించింది. తర్వాత ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని అతనికి రెండుసార్లు అనిపించింది.

ఆసుపత్రివాళ్ళు సీసాని ఇంటికి పంపేశాక, శుక్రవారం సంఘంవాళ్ళు పరామర్శకి వెళ్ళారు. పాస్టర్ గారు, యజమాని, మరో ఇద్దరు, అందరికీ వెనకాల స్తోత్రం. ఒకే ఒక్క గది. మంచం, స్టవ్వు, తలుపు పక్క గోడకి కొత్త అద్దం. ఆ అద్దం పెద్దవాళ్ళ ఎత్తులో లేదు. బడికెళ్ళే పిల్ల నిలబడి జడ వేసుకోవడానికి సరిపోయేంత ఎత్తులో ఉంది. చేతికి గీసుకోకుండా అంచులు గుండ్రంగా నూరి ఉన్నాయి. పాస్టర్ గారు జుట్టు సర్దుకుందామని దానివైపు తిరిగితే అందులో ఆయన పొట్ట కనబడింది.

సీసా మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు. వేళ్ళు కదులుతాయో లేదో కొన్ని నెలలు పోతే గానీ తెలియదన్నాడు డాక్టరు. చొక్కా భుజాల మీద ఊరికే కప్పి ఉంది. వచ్చినవాళ్ళు నారింజపళ్ళ సంచీ అతని పక్కన పెట్టారు.

"దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు బ్రదర్," అన్నారు పాస్టర్ గారు. "ఒప్పుకుంటే భారం దిగిపోతుంది."

"ఏం ఒప్పుకోమంటారండీ?"

"పాత అలవాటు."

సీసా మంచం మీంచి లేవబోయాడు. "నేను తాగలేదండీ. మా అమ్మాయి మీద ఒట్టు, తాగలేదు."

"ఒట్లెందుకులే," అన్నాడు యజమాని. "ఆ చొక్కా నేనే వాసన చూశాను."

"అది పెంకులోడి వాసనండీ! వాడే కదా నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి..."

"మరి అలాంటివాడితో నీకేం పని?"

 సీసా తలెత్తి అందరి భుజాల మీంచి వెనక్కి చూశాడు. "తమ్ముడూ, నువ్వు చెప్పరా. నువ్వున్నావుగా అక్కడ."

గదిలో అందరూ తిరిగి చూశారు.  స్తోత్రం చేతులు జోడించాడు.

"ప్రార్థన చేసుకుందాం అన్నా," అన్నాడు.

చేసుకున్నారు. పాస్టర్ గారు గట్టిగా, కన్నీళ్ళతో, పడిపోయిన సోదరుణ్ణి లేపమని చాలాసేపు ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. పోతూపోతూ యజమాని గుమ్మం దగ్గర ఆగి, ఈ ఆదివారం నుంచి కొన్నాళ్ళు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవద్దనీ, వెనక బెంచీలో కూర్చోమనీ మెత్తగా చెప్పాడు. ఇది శిక్ష కాదట, బాగుచెయ్యడమట.

సందు మలుపు తిరిగాక స్తోత్రానికి గొడుగు గుర్తొచ్చింది. నిజంగానే మర్చిపోయాడు, వంక కాదు. వెనక్కి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. సీసా మోచేతుల మధ్య నారింజపండు ఇరికించుకుని పళ్ళతో తొక్క కొరకబోతున్నాడు. అది జారి మంచం కింద పడింది. అంతమంది వచ్చి పళ్ళిచ్చారు గానీ, కట్లున్న మనిషి తొక్క ఎలా తీసుకుంటాడన్నది ఒక్కడికీ తట్టలేదు.

స్తోత్రం లోపలికి అడుగు వేసేలోపే వెనకనుంచి పెంకులవాడు వచ్చాడు. చేతిలో అన్నం గిన్నె. మంచం కింది పండు తీసి చొక్కాకి తుడిచి ఒలిచాడు. గింజలు తీసి ఒక్కో తొన సీసా నోట్లో పెట్టాడు. ఆ పని చేస్తున్న వేళ్ళు వణుకుతున్నాయి.

"చేతులొణుకుతున్నాయేంట్రా?" అన్నాడు సీసా.

"పొద్దుటినుంచి పడలేదుగా లోపలికి. నీ దగ్గరికి వాసనతో రాకూడదని ఒట్టేసుకున్నా. నిన్ను పడుకోబెట్టాక పోయి తాగుతా. నా కంపు నీ మీద పడబట్టే కదరా ఇదంతా." అప్పుడు స్తోత్రాన్ని చూశాడు. "ఏమయ్యా భక్తుడూ, ఇంకేమన్నా ప్రార్థన మిగిలిపోయిందా?"

"గొడుగు కోసం వచ్చాను."

"తీసుకో. అక్కడే ఉంది నీ గొడుగు. వానలో తడిస్తే జలుబు చేస్తుంది పాపం."

పెంకులవాడు గిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి పోయాడు. ఇద్దరే మిగిలారు. స్తోత్రం గొడుగు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. సీసా అతన్ని చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే స్తోత్రానికి కొంచెం తేలికయ్యేది.

"నువ్వు మెట్టు అనలేదురా."

స్తోత్రం ఏడ్చేశాడు. "అన్నా, అసలేమైందంటే..."

"ఏడవకు. నేను వినలేను. నా మాట విను ముందు. నీ ఉద్యోగం పోకూడదు, నీకు పెళ్ళాం పిల్లలున్నారు. యజమానికి చెప్పమనట్లా. సంఘానికీ చెప్పొద్దు, వెనక బెంచీ అయితే ఏం, అక్కడికీ పాట వినబడుతుంది. రేపు మా అక్క వస్తుంది. ఆవిడకొక్కదానికి చెప్పు. వాడు తాగలేదక్కా, నేను మెట్టు చెప్పడం మర్చిపోయానక్కా అను. నేను చెప్తే నమ్మదు. తాగిన నోటితో ఎన్నిసార్లు తాగలేదని చెప్పానో ఆవిడకి తెలుసు. నువ్వు చెప్తే నమ్ముతుంది. నువ్వంటే ఆవిడకి గురి."

"చెప్తానన్నా. తప్పకుండా చెప్తా."

"ఇదొక్కటేరా నేనడిగేది."

"చెప్తానన్నానుగా. దేవుని తోడు."

ఆ మాట అన్నప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాడు. ఇలాంటివాళ్ళతో వచ్చే చిక్కే అది. మాట ఇచ్చేటప్పుడు అబద్ధం ఉండదు.

శనివారం అక్క వచ్చింది. ఒక్కతే వచ్చింది. బస్టాండు నుంచి వచ్చే దారిలోనే ఆవిడకి సంగతంతా ఎవరో చేరేశారు. ఉతికిన చొక్కా తొడిగించుకుని, పెంకులవాడి చేత గడ్డం గీయించుకుని కూర్చున్న సీసా, ఆవిడ వెనక ఇంకో తల కనబడుతుందేమోనని గుమ్మంలోకే చూస్తున్నాడు.

"చూడకు," అంది అక్క. "తీసుకురాలేదు."

 సీసా గోడకి ఉన్న అద్దంవైపు చూసి మళ్ళీ కళ్ళు తిప్పుకున్నాడు.

ఆవిడ మంచం అంచున కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. మాట కరుకు, మనసు మెత్తన. తల్లి పోయినప్పటినుంచి ఆ పిల్లని కళ్ళల్లో పెట్టుకుని పెంచుతున్న మనిషి. "నీ చేతులు చూస్తే నా కడుపు తరుక్కుపోతోందిరా. కానీ ఏం చెయ్యను? మళ్ళీ తాగే ఇంటికి దాన్నెట్లా పంపను? గోడ పక్కన నక్కి కూర్చునేది నువ్వొస్తుంటే. మర్చిపోయావా?"

"మర్చిపోలేదక్కా. తాగలేదక్కా నేను."

"ఆ మాట నాకు చెప్పకు!" అని, గుమ్మం పక్కన నిలబడ్డ స్తోత్రంవైపు తిరిగింది. "నువ్వు చెప్పు తమ్ముడూ. నువ్వు అబద్ధమాడవు. నువ్వేం చెప్తే అదే నాకు. వీడు తాగాడా, లేదా?"

సీసా ముందుకి వంగాడు. కట్లు కట్టిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితం వినేవాడిలా చూస్తున్నాడు.

అక్కకి చెబితే ఆగుతుందా? స్తోత్రం బుర్రలో అదే తిరుగుతోంది. ఆవిడ నోరు తెలిసిందే. నిమిషంలో యజమాని ఇంటికి పోయి కొంగు బిగించి నిలబడుతుంది. రేపే ఆదివారం. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి వేలాడుతోంది.

"నేను... సరిగ్గా చూడలేదక్కా," అన్నాడు. "గ్లాసు అడ్డం ఉంది."

గ్లాసు అడ్డం ఉందట! అవతల చీమ పాకినా కనబడే గ్లాసు. ఆ పని చేసేవాడెవడూ ఆడకూడని అబద్ధం అది. పాపం, అక్క ఆ పని చెయ్యదు కాబట్టి నమ్మింది.

"చూశావా? నిన్ను బయటపెట్టలేక ఎట్లా మింగుతున్నాడో," అంది తమ్ముడితో. "ఇలాంటి స్నేహితుడుండీ నువ్వు మారలేకపోయావు."

సీసా నెమ్మదిగా వెనక్కి వాలి గోడకి తల ఆనించాడు. స్తోత్రం ఎప్పుడు వెళ్ళిపోయాడో అతను చూడలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. స్తోత్రాన్ని ముందుకి పిలిచి, తల మీద చేతులుంచి, పెద్దల్లో ఒకడిగా ప్రకటించారు. ఆ రోజు పాస్టర్ గారు స్నేహం గురించి మాట్లాడారు. మంచిగానే మాట్లాడారు. తోటివాడి భారం మొయ్యడం, తోటివాడి తప్పు కప్పడం, తోటివాడి కోసం నష్టపోవడం. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎడమవైపు అక్క కూర్చుని ఉంది. కుడివైపు చివరి బెంచీలో సీసా. పక్కన పెంకులవాడు, జన్మలో మొదటిసారి చర్చికి వచ్చి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక సీసానే చూస్తూ, అతను లేస్తే లేస్తున్నాడు. సీసా పాటల పుస్తకాన్ని వాడే పట్టుకున్నాడు, తలకిందులుగా.

రొట్టె పళ్ళెం చేతికొచ్చింది. స్తోత్రం ఒక్కో వరసకీ అందిస్తూ వెనకదాకా వచ్చాడు. చివరి బెంచీ దగ్గర ఆగాడు. ముందు నిలబడ్డ యజమాని చూపుతోనే వద్దని చెప్పాడు. సీసా చెయ్యి చాపలేదు. చాపడానికి చెయ్యి ఎక్కడుంది? తల వంచుకుని ఉన్నాడు.

స్తోత్రం ఆ బెంచీని దాటేశాడు.

అంతా అయ్యాక పళ్ళెం మళ్ళీ వేదిక మీది బల్ల మీద పెట్టాలి. అక్కడొక పద్ధతి ఉంది. పెద్దలు బల్లకి వీపు చూపరు, పళ్ళెం పెట్టి వెనక్కి నడిచి దిగాలి. స్తోత్రం పళ్ళెం పెట్టాడు. తల వంచి, కళ్ళు అరమూసి, రెండు చేతులూ కట్టుకుని వెనక్కి అడుగులు వేస్తున్నాడు. చర్చంతా నిశ్శబ్దం. వేదిక అంచుకి వచ్చేశాడన్నది తెలియడం లేదు. మడమ గాల్లోకి వెళ్ళింది.

"మెట్టు!"

చివరి బెంచీ నుంచి వచ్చింది ఆ కేక. అరుపు కూడా కాదు. పనిలో రోజూ వినబడే మాట, అదే గొంతు.

స్తోత్రం పాదం గాల్లోనే ఆగింది. కిందికి చూసుకుని, మెట్టు వెతుక్కుని దిగాడు. ఎవరో నవ్వారు. ఎవరో "ష్" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే సీసా అప్పటికే మళ్ళీ తల దించేసుకున్నాడు, ఏదో చెయ్యకూడని పని చేసినట్టు. ఆలోచించి పిలిచిన పిలుపు కాదది. పడబోయేవాణ్ణి చూస్తే సీసా నోట్లోంచి దానంతట అదే వచ్చే మాట.

 స్తోత్రం వేదిక మెట్టు మీదే కూర్చుండిపోయాడు. తెల్లచొక్కా నలిగిపోయింది.

"నేను అనలేదు," అన్నాడు. "ఆ రోజు నేను ఈ మాట అనలేదు."

పాస్టర్ గారు దగ్గరికి వచ్చారు. "ఏంటి బ్రదర్?"

"అన్న తాగలేదండీ. నేను మెట్టు చెప్పలేదు. మీరు స్కూటరు మీద పోతుంటే మీకు వందనం చెబుదామని తల తిప్పాను. అన్న పడ్డాడు. గ్లాసు నా మెడ మీదికి వస్తుంటే పట్టుకున్నాడు. నా కోసం పట్టుకున్నాడు. వదిలేసుంటే ఆయన చేతులు ఉండేవి, నేను ఉండేవాణ్ణి కాదు. ఆయన తాగలేదు. నేను అబద్ధం ఆడాను."

ఇంతకాలం గొంతులో అడ్డంపడ్డదంతా బయటికి వచ్చేసింది.  స్తోత్రం యజమానివైపు చూశాడు. ఇక ఉద్యోగం పోతుంది. పోనీ. పెద్దరికం పోతుంది, పోనీ. ఆ క్షణంలో అతను నిజంగా దేనికైనా సిద్ధమే.

పాస్టర్ గారు ఆలోచనలో పడ్డారు. "నేనా? ఆ రోజు నేను నిన్ను చూడనే లేదే," అన్నారు. తర్వాత ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. వంగి స్తోత్రాన్ని లేపి కౌగిలించుకున్నారు. సంఘంవైపు తిరిగారు.

"చూశారా! ఇప్పటిదాకా నేను మాటలతో చెప్పాను. ఈ సోదరుడు చేసి చూపించాడు. స్నేహితుడి తప్పుని తన నెత్తిన వేసుకుంటున్నాడు! స్నేహమంటే ఇదీ!"

"ఆమెన్!" అంది చర్చి.

"కాదండీ!" అని అరిచాడు స్తోత్రం. "నిజంగానే నేను..."

"ఎంత తగ్గింపు చూడండి!" అన్నాడు యజమాని జేబురుమాలుతో కళ్ళొత్తుకుంటూ. "ఆసుపత్రిలో కూడా ఇంతే. ఒక్క మాట చెడుగా చెప్పలేదు అతని గురించి."

స్తోత్రం ఎంత గింజుకుంటే అంత గట్టిగా ఆమెన్ అన్నారు. అతను ఏడిస్తే వాళ్ళూ ఏడ్చారు. పాటలు పాడే సిస్టర్ పాట ఎత్తుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళూ నిజాయితీపరుడని పేరు తెచ్చుకున్న మనిషి, ఆ పేరు కిందే పడి నలిగిపోతున్నాడు. జనం తలల మీంచి వెనక్కి చూశాడు. పెంకులవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "వీళ్ళకేమన్నా పిచ్చా?" అని సీసాని అడగడం పెదాల కదలికలో తెలుస్తోంది. సీసా పాట పాడుతున్నాడు.

బయటికి వచ్చాక స్తోత్రం అక్క కాళ్ళ మీద పడినంత పని చేశాడు. "అక్కా, నేను చెప్పింది నిజం. నిన్న గ్లాసు అడ్డమన్నది అబద్ధం. పిల్లని పంపక్కా."

ఆవిడ అతని తల నిమిరింది. "నువ్వు దేవుడిచ్చిన మనిషివి తమ్ముడూ. వాడి కోసం నీ పేరు పాడుచేసుకోకు. నీ మొహం చూసి పంపుదామనే ఉంది నాకూ. కానీ ఆడపిల్ల. భయం." బస్సుకి టైమవుతోందని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం స్తోత్రం సీసా గదికి వెళ్ళాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. పెంకులవాడు లేడు. అంతసేపు చర్చిలో తాగకుండా కూర్చునేసరికి ఒళ్ళు వణుకుడెక్కి, సీసా చొక్కా కూడా విప్పకుండా పరుగెత్తాడట. సీసా పొద్దుటి చొక్కాలోనే, చెమటలో, మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"విప్పమంటావా అన్నా?"

"ఉక్కపోస్తోంది."

స్తోత్రం అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైగుండీ బిగుతుగా ఉంది. గ్లాసు మీద వెంట్రుకవాసి గీత గీసే వేళ్ళు ఒక గుండీకి తడబడ్డాయి. పక్కన గోడకి పిల్ల అద్దం. మోకాళ్ళ మీద ఉండేసరికి అందులో అతని మొహం మొహమంతా కనబడింది. అటు చూడడం మానేశాడు.

"అక్క నమ్మలేదన్నా."

"చూశాగా."

"యజమాని నన్ను రేపు రమ్మన్నాడు. కొత్త జతని ఇస్తాడట. ఎంత చెప్పినా వినడంలేదు ఎవరూ."

సీసా అద్దంవైపు చూశాడు. "శుక్రవారం చెప్పుంటే వినేవాళ్ళురా. నిన్న చెప్పినా వినేది అక్క," అన్నాడు. తిట్టినా ఇంతకన్నా గట్టిగా తగిలేది కాదు. ఓదార్చనూ లేదు, పోనీలే అననూ లేదు.

స్తోత్రం తల గుండీల మీదికి వంగిపోయింది. "నన్నేం చెయ్యమంటావు చెప్పు."

"రేపు పనిలోకి పోకు. అక్క ఊరు పో. మళ్ళీ చెప్పు."

"నమ్మదు."

"ఎల్లుండి చెప్పు. ఆవిడ తిట్టి తలుపేసేదాకా చెప్పు. నీ పేరు మొత్తం పోయేదాకా చెప్పు. అది పోతే గానీ ఆ నిజం ఎవరికీ వినబడదు." కట్టు కట్టిన చేతిని ఎత్తి స్తోత్రం భుజం మీద పెట్టాడు. బరువుగా, పట్టు లేకుండా ఉంది ఆ చెయ్యి. "చేస్తావా?"

"చేస్తా."

"మొన్న కూడా చేస్తానన్నావు."

"అన్నాను," అన్నాడు స్తోత్రం.

సీసా ఇంకేమీ అడగలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు. అలవాటుగా నోటిదాకా వచ్చిన "స్తోత్రం" అన్న మాటని అతను మింగేసి, తర్వాతి గుండీ పట్టుకున్నాడు.